మా చెరువులోకి సొరను తెచ్చింది నేనే

మే పదకొండు, ఆదివారం, ఉదయం ఏడున్నర. వైరాలో మా ఇంటి వసారా. ఉన్నవారు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు, వేసవి సెలవులకు కొత్తగూడెం నుంచి వచ్చిన మా మనవరాలు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రిజర్వాయరుకు పోయి పడవ ఎక్కాలన్న కార్యక్రమం మనవరాలి అభ్యంతరం వల్ల రద్దయింది.

ఆ ఉదయం డైరీలో ఇంతవరకే రాసుకున్నాను. ముందు తారీఖు, తర్వాత స్థలం, తర్వాత ఎవరెవరు ఉన్నారన్నది, ఆ పైనే విషయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై అధికారి ఒకాయన నేర్పిన పద్ధతి ఇది. రిటైరై ఇన్నేళ్లయినా చెయ్యి అదే వరుసలో పోతుంది.

మనవరాలి అభ్యంతరం ఏమిటంటే, ముందు రోజు ఆ పిల్ల ఫోనులో ఒక వార్త చదివింది. ఎక్కడో పరాయి దేశంలో సముద్రానికి దగ్గరగా వేల ఏళ్ల నాటి మనిషి ఎముకలు దొరికాయట, వాటి నిండా గాట్లు ఉన్నాయట, అవి సొరచేప కొరికిన గాట్లని పండితులు తేల్చారట. ఇక నీళ్లలో కాలు పెట్టనని కూర్చుంది. ఇది మంచినీటి రిజర్వాయరు, సముద్రం ఇక్కడికి ఎంతో దూరం అని నేను నచ్చజెప్పబోతే, సొర నదుల్లోకి రాదని రాసిస్తావా తాతా అని అడిగింది. కొన్ని రకాలు వస్తాయని నాకు తెలుసు. ఇంతలో కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన నా భార్య అందుకుంది.

"రాదని ఎట్ల రాసిస్తడే? మీ తాత టేకులపల్లి అడవిలకే తెచ్చిండు సొరని."

మా బావమరిదికి నవ్వాగక ఉప్మా పొలమారింది. మనవరాలు మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. అప్పుడు లోపలికి పోయి, పాత ట్రంకుపెట్టె తెరిచి, నలభై ఏళ్లు దాటిన ఒక డైరీ తీసుకొచ్చాను. ఆ పిల్లకు చెప్పిందే, కొంచెం తీరిగ్గా, నా ఈడు వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు టేకులపల్లి నుంచి లోపలికి, అడవి అంచున ఉంటుంది. ఊరికి ఒక చెరువు. ఒక పక్క కట్ట, మిగతా మూడు పక్కలా అడవి. మాది తరతరాలుగా చేపలు పట్టే కుటుంబం. చిన్నప్పుడే తండ్రి పోతే మా అమ్మ నన్ను తీసుకొని పుట్టింటికి చేరింది. మేనమామ నన్ను తన పిల్లలతో పాటు పెంచి చదివించాడు. ఆయన ఊళ్లో చేపల సంఘానికి అధ్యక్షుడు, మాట తక్కువ మనిషి. పదో తరగతి అయ్యాక నాకు చేపల శాఖలో ఫీల్డ్‌మన్ ఉద్యోగం వచ్చింది. రెండేళ్లకు శిక్షణ కోసం ఆరు నెలలు కాకినాడ పంపారు.

సముద్రాన్ని అక్కడే మొదటిసారి చూశాను. ఒకరోజు హార్బరులో ఒక సొర పడింది. పడవంత పొడవని జనం అంటుంటే నేను జేనతో కొలిచి, అంత లేదని డైరీలో రాసుకున్నాను. దాని నోరు తెరిపించి పళ్ల వరుసలు లెక్కపెట్టి, ఒక పంటి బొమ్మ గీసుకున్నాను. త్రికోణం, అంచున రంపం పళ్లు. కొన్ని జాతులు నదుల్లోకి ఎదురెక్కి వస్తాయని పాఠం చెప్పిన ఆయన అన్నాడు. అదీ రాసుకున్నాను.

ఊరికి తిరిగొచ్చాక జరిగింది మాత్రం డైరీలో లేదు. సాయంత్రం పూట కట్ట మీద కూర్చుంటే, దారిలో ఎలుగు ఎదురైతే కేకలేసి తరిమి, వచ్చి అన్నం తినే మనుషులు, పులి అడుగు చూసి నిన్నటిదా మొన్నటిదా అని వాదించుకునే మనుషులు, నా సొర ముచ్చట్లకు నోళ్లు తెరుచుకొని వినేవారు. ఇరవై నాలుగేళ్ల వాడికి అంతకన్నా ఏం కావాలి? సొర నూరేళ్లు బతుకుతుందని చెప్పాను. ఒక్క నెత్తుటి చుక్క పడితే కోసెడు దూరం నుంచి పసిగడుతుందని చెప్పాను. నీటి మీదికి రాదు కనుక దగ్గరికి వచ్చేదాకా ఎవరికీ తెలియదని కూడా చెప్పాను. వీటిలో నేను కళ్లారా చూసింది ఏదీ లేదు.

ఆ ఏడే ఇంకో పని కూడా చేశాను. అప్పటిదాకా మా చెరువులో వాటంతటవి పెరిగే కొరమట్ట, జెల్ల తప్ప వేరే చేపలు లేవు. చేపపిల్లలు తెప్పించి వదులుదామని, బొచ్చె, రవ్వ ఏడాది తిరిగేసరికి చేతికొస్తాయని మామను ఒప్పించాను. ఊరి పెద్దలు ససేమిరా అన్నారు. చెరువును బయటి కాంట్రాక్టరుకు గుత్తకిస్తే ఏ తలనొప్పీ ఉండదన్నది వాళ్ల వాదన. సంఘంలో నలభై కుటుంబాలు ఉండేవి. చెరువు గుత్తకు పోతే వాళ్లంతా తమ చెరువులోనే కూలీకి వల లాగాలి. ఆ రోజు పంచాయితీలో మామ లేచి నిలబడి అన్న మాట నా డైరీలో ఉన్నది ఉన్నట్టు ఉంది.

"నా అల్లుడు చదువుకొని వచ్చిండు. ఒక్క ఏడు చూడుండ్రి. వచ్చే మిరుగు లోపల వల దించి చూపిస్త. చేప ఎల్లకపోతే నేనే అధ్యక్షం ఇడిసిపెడ్త, చెరువు గుత్తకిచ్చుకోండ్రి."

మిరుగు అంటే మృగశిర కార్తె. మా వైపు ఆ రోజు చేప కూర వండని ఇల్లు ఉండదు. బొగ్గుబావుల కాలనీల నుంచి కార్మికులు డ్యూటీ దిగి సైకిళ్ల మీద నేరుగా చెరువు కట్టలకే వచ్చేవారు. మిరుగు దాటితే వానలు. వాన గట్టిగా పడి మత్తడి, అంటే అలుగు, దుంకిందంటే పెంచిన చేపంతా నీటితో పాటు వాగులోకి పోతుంది. అందుకే ఆ గడువు.

వానాకాలంలో చేపపిల్లలు వదిలాం. చలికాలంలో నమూనాకు విసురు వలతో నాలుగు పట్టి, కొలిచి, రాసుకొని మళ్లీ వదిలాను. పెరుగుతున్నాయి. మామ ప్రతి ఉదయం కట్ట మీద నిలబడి నీళ్ల వైపు చూసి ఇంటికి వచ్చేవాడు. ఆయన మొహంలో సంతోషం నాకు తెలుస్తూనే ఉండేది.

మే నెల చివర్లో, చెరువు బాగా చిక్కిన రోజుల్లో, మా అత్త మరి కొందరు ఆడవాళ్లతో కలిసి అడవి వైపు నీళ్లు దిగిపోయిన శిఖం నేలలో పూడిక మట్టి తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. మూడు పొడుగాటి ఎముకలు, పళ్లతో ఉన్న దవడ ముక్క ఒకటి. దవడ చూశాక మనిషివేనని అందరికీ అర్థమైంది. పోలీసులకు కబురు పోయింది. వాళ్లు వచ్చి చుట్టుపక్కల ఎవరూ తప్పిపోలేదని తేల్చుకొని, దవాఖానాలో డాక్టరుకు చూపించారు. ఇవి మన తాతముత్తాతల కంటే కూడా చాలా పాతవి, కేసు లేదు అని ఆయన చెప్పడంతో, పంచనామా రాసుకొని, ఎముకలను పూడ్చమని మామకే అప్పగించి వెళ్లారు.

అక్కడితో అయిపోవాల్సిందే. కానీ ఆ పొడుగు ఎముకల మీద వరుసగా గాట్లు ఉన్నాయి. లోతుగా, పక్కపక్కన, ఎవరో పనిగట్టుకొని కొరికినట్టు. కట్ట మీద జనమంతా చూస్తుండగా మామ ఒక ఎముకను నా చేతికిచ్చాడు.

"ఏందిరా అల్లుడా, గీ గాట్లు నువ్వు చెప్పిన సొరయేనా?"

నేను వంగి చూశాను. కాకినాడలో నేను గీసుకున్న పంటికీ ఈ గాటుకూ పొంతన లేదని నాకు ఆ క్షణంలోనే అనిపించింది. మరి ఏ జంతువుదంటే తెలియదు. ఏడాదిగా అన్నీ తెలిసినవాడిలా మాట్లాడిన కట్ట మీద, అంతమంది ముందు, నాకు తెలియదు అనడానికి నోరు రాలేదు. కావచ్చు అన్నాను.

సర్కారు నౌకరి చేసేవాడు కావచ్చు అంటే మా ఊళ్లో అయినట్టే. సాయంత్రానికి దారి కూడా కనిపెట్టారు. మా వాగు పోయి కిన్నెరసానిలో, అది పోయి గోదావరిలో, గోదావరి పోయి సముద్రంలో కలుస్తాయి. వానాకాలంలో చేప ఎదురెక్కడం మా వాళ్లు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కొరమట్ట ఎక్కగా లేనిది సొర ఎందుకు ఎక్కదు? మొసలైతే ఎండకు ఒడ్డున పడుకున్నప్పుడు కనబడుతుంది, కట్టెతో అదిలించవచ్చు. సొర కనబడదు. కనబడదని చెప్పింది నేనే.

మర్నాటి నుంచి చెరువులో మనిషి దిగలేదు. బట్టలు ఉతికేవారు వ్యవసాయ బావులకు మళ్లారు. బర్రెలను కట్ట దగ్గరికి రానివ్వలేదు. ఎముకలు పాతవి, డాక్టరే చెప్పాడు కదా అని నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. మా వీధిలో ఒక పెద్దాయన వల భుజాన వేసుకొనే జవాబిచ్చాడు.

"మనిషి పాతోడైతే సొర గూడ పాతదే అయితది. నూరేండ్లు బతుకుతదని నువ్వే గద చెప్పినవ్!"

పెద్ద వల లాగాలంటే ఛాతీ లోతు నీళ్లలో నలభై మంది నిలబడాలి. ఒక్కడు కూడా రానన్నాడు. మిరుగుకు ఇంక తొమ్మిది రోజులు. పడమట మబ్బులు కనబడటం మొదలైంది. కాంట్రాక్టరు మనిషి ఒకడు మోటారు సైకిలు మీద వచ్చి, చెరువు చుట్టూ తిరిగి, పెద్దలతో టీ తాగి పోయాడు.

మామ నన్ను ఒక్క మాట అనలేదు. అరుగు మీద కూర్చొని, చిరగని వలను పరిచి కన్ను కన్నూ వెతుకుతూ ఉండేవాడు. తిట్టినా బాగుండేది. ఒకరోజు నేనే ఉండబట్టలేక, నీకూ భయంగా ఉందా మామా అని అడిగాను.

"నా భయం నాకేంది? నేను ముసలోన్ని. కని నలభై మందిని నీళ్లల్లకు దించేది నేనేనాయె. ఒక్కనికి ఏమన్న అయితే వాని పెండ్లానికి నేనేం చెప్పాలె?"

ఆయన పెద్ద కూతురు, అంటే నా మరదలు, మాత్రం అంత మర్యాద పాటించలేదు. నేను వాకిట్లోకి వస్తే చాలు, సొర సారు వచ్చిండు, బిందెలు లోపల పెట్టుండ్రి అనేది. పెళ్లి మాటలు అప్పుడప్పుడే మొదలై ఉన్నాయి. నీకు పిల్లనియ్యాలా, నీ సొరకియ్యాలా బావా అని ఒకరోజు అందరి ముందే అడిగింది.

ఆ రోజు తలుపు వేసుకొని కాకినాడ డైరీ తీశాను. ఒక పక్క సొర పన్ను బొమ్మ. మరో పక్క, ఇంకా పూడ్చకుండా తూము గదిలో గోనె సంచిలో ఉంచిన ఎముకల మీది గాట్లను స్కేలు పెట్టి కొలిచి గీసిన బొమ్మ. సొర పన్ను చీలుస్తుంది, గాటు అడుగున సన్నని కోణం రావాలి. ఎముక మీది గాటు వెడల్పుగా, చదునుగా, ఉలితో తీసినట్టు ఉంది. పైగా ప్రతిచోటా జంటగా, రెండేసి ఉన్నాయి. సొర పేరు రాసి కొట్టేశాను. దాని కింద మొసలి రాసి కొట్టేశాను. చిరుతపులి, దుమ్ములగొండి, కుక్క, అన్నీ మొన పళ్లవే, అన్నీ కొట్టేశాను. చదును పళ్లు ఉండేవి గడ్డి, వేళ్లు తినే జంతువులు. గడ్డి తినేది ఎముకనెందుకు కొరుకుతుంది? అక్కడ ఆగిపోయాను.

తెల్లారి ఆ కాగితం పట్టుకొని పక్కనున్న కోయగూడెం పోయాను. అక్కడ మా అమ్మకు తునికాకు కోసిన రోజుల నుంచి స్నేహితురాలైన ఒక కోయామె ఉండేది. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ని. ఆమె నా బొమ్మను తలకిందులుగా పట్టుకొని చూసింది, మళ్లీ తిప్పి చూసింది.

"కొరికింది కాదు బిడ్డా ఇది. గీకింది. ఏదుపంది."

ఏదుపంది అంటే ముళ్లపంది. దుంపలూ వేళ్లూ తినే జంతువు ఎముకనెందుకు తింటుందని అడిగాను. తినదు, అరగదీసుకుంటుంది అని చెప్పింది. దాని ముందు పళ్లు పెరుగుతూనే ఉంటాయని, గట్టిదేదైనా దొరికితే బొరియలోకి ఈడ్చుకుపోయి గీకుతుందని, ఎండి నెత్తురు లేని ఎముకే దానికి ఇష్టమని వివరించింది. "అడవిల ఇన్ని దుప్పులు కొమ్ములు రాలుస్తయి గద, అన్ని ఏడ బోతున్నయనుకున్నవ్?" అని నవ్వి, గుడిసె చూరులో దోపి ఉన్న ఒక కొమ్ము ముక్కను తీసి నా చేతిలో పెట్టింది. దాని నిండా అవే గాట్లు. జంటలు జంటలుగా. స్కేలు పెట్టాను. వెడల్పు సరిగ్గా సరిపోయింది.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం, తర్వాత ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో ఏ ప్రమోషనుకూ కలగలేదు.

పెద్దమ్మ అంతటితో ఊరుకోలేదు. గాటు ఉంటే బొరియ ఉండాలె, పా అని నాతో బయల్దేరింది. ఎముకలు దొరికిన చోట నిలబడి, నీళ్ల వైపు కాకుండా వెనక్కి, పైకి చూసింది. వానకు మట్టి ఎటు నుంచి జారిందో చూసుకుంటూ మిట్ట ఎక్కింది. పొద కింద నుంచి నలుపు తెలుపు చారల ముల్లు ఒకటి ఏరి నాకిచ్చింది. ఇరవై, ముప్పై అడుగులు పోయాక, మంచమంత బండ ఒకటి నేలకు సమంగా పరుచుకొని ఉంది. బండ అంచున బొరియ.

ఇటువంటి పాతకాలపు బండ సమాధులను మా వైపు రాక్షసి గుళ్లు అంటారు. ముందుగా పెద్దమ్మ చెప్పులు విప్పి దండం పెట్టింది. అది వెనకటి మనుషుల ఇల్లని, తమ గూడెంలో పిల్లలను దాని మీద ఎక్కనివ్వరని చెప్పింది. నేను బోర్లా పడుకొని టార్చి వేసి చూశాను. నిలువు పలకలతో గదిలా కట్టి ఉంది. నల్ల మూతి, ఎర్ర అడుగు ఉన్న కుండలు మూడు. తుప్పు పట్టిన ఇనుప ముక్క. ఎముకలు, వాటి మీద అవే గాట్లు. చుట్టూ ముళ్లు. కనబడ్డవన్నీ లెక్కపెట్టి రాసుకున్నాను. ఏదీ ముట్టలేదు. బొరియలోంచి ముళ్లపంది బయట పడేసిన ఎముకలే వానకు జారి చెరువు అంచుకు చేరాయన్నది ఆ మిట్ట మీద నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

మిరుగుకు ముందు రోజు ఉదయం. డైరీ ప్రకారం కట్ట మీద ఉన్నవారు: మామ, అత్త, మరదలు, పెద్దమ్మ, ఊరి పెద్దలు ఇద్దరు, సంఘం వాళ్లు దాదాపు అందరూ, చేపల కోసం సైకిళ్ల మీద వచ్చిన కాలనీ కార్మికులు కొందరు, కాంట్రాక్టరు మనిషి. మబ్బు పట్టి ఉంది.

గోనె సంచి పరిచి, దాని మీద ఎముక, కొమ్ము, ముల్లు, డైరీ వరుసగా పెట్టాను. అంతకు ముందు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. నేను చూసింది ఒకే ఒక్క సొరను, అదీ చచ్చినదాన్ని అని చెప్పాను. ఆ రోజు కావచ్చు అన్నది తెలిసి కాదు, తెలియదని చెప్పడానికి సిగ్గుపడి అన్నానని చెప్పాను.

"మరి నూరేండ్లు బతుకుడు?" అన్నాడు మా వీధి పెద్దాయన.

"నేను చూడలే బాబాయ్."

"నెత్తురు వాసన?"

"ఎవరో అంటె విన్న."

"ఏడాది సంది మా చెవులల్ల పూలు పెట్టినవ్ గదరా!"

కట్టంతా గొల్లుమంది. కాలనీ వాళ్లు కూడా సైకిళ్ల మీద వాలి నవ్వారు. ఒక్కొక్కరే వచ్చి ఎముకనూ కొమ్మునూ పక్కపక్కన పెట్టి, గాట్లలో గోరు పెట్టి చూశారు. పెద్దమ్మ దగ్గర నిలబడి ప్రతివాడికీ ఓపికగా చూపించింది. అడవి సంగతిలో ఆమె మాటకు ఎదురు చెప్పేవాడు మా ఊళ్లో లేడు. ఏదుపందే అని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకొని, వలల దగ్గరికి పోకుండా అక్కడే నిలబడ్డారు.

"ఎముకల సంగతి సమజైంది. కని నీళ్లల్ల లేదని గ్యారంటీ ఏంది?" అన్నారు ఎవరో.

"గ్యారంటీ మా బావనే," అంది నా మరదలు వెనక నుంచి. "తెచ్చినోన్నే దిగుమనుండ్రి."

చొక్కా విప్పాను. డైరీ, పెన్ను ఆమె చేతికిచ్చాను. అంతవరకు నా డైరీ ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరగను. నీళ్లలో దిగాను.

ఉన్నమాట చెప్పాలి కదా. కొలిచినవాణ్ని నేను, రాసినవాణ్ని నేను, ఏదుపంది అని రుజువు చేసినవాణ్ని నేను. అయినా నీళ్లు నడుము దాటేసరికి ఏడాది పాటు నేను చెప్పిన కథలన్నీ నాకే గుర్తొచ్చాయి. నీళ్లు నల్లగా ఉన్నాయి. తూము దాకా ఈది తిరిగి రావాలని నా లెక్క. సగం దూరం పోయానో లేదో, మొద్దులాంటిది ఏదో వచ్చి నా తొడను ధడేలుమని గుద్దింది.

నేను అరిచిన అరుపుకు కట్ట మీది జనం ఊరి వైపు పరుగు తీశారు. మామ మాత్రం పరుగెత్తలేదు. నా కోసం నీళ్ల అంచుకు దూకాడు. అదే క్షణంలో నాకు రెండు చేతుల దూరంలో నీళ్లు పగిలి, వెడల్పాటి తెల్లని పక్క తళుక్కుమని, పెద్ద తల, పెద్ద నోరు, రూపాయి బిళ్లంత పొలుసులతో ఒక చేప గాల్లోకి లేచి పడింది. దాని వెనకే మరొకటి. దాని వెనక ఇంకొకటి.

"బొచ్చెరా! బొచ్చె!" అని మామ వేసిన కేక పక్క గూడేనికి వినిపించి ఉంటుంది. జీవితంలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను అదొక్కసారే విన్నాను. పంచె ఎగగట్టకుండానే దిగాడు. పరుగెత్తినవాళ్లు వెనక్కి తిరిగారు. ఒకడు దూకాడు, ఇద్దరు దూకారు, తర్వాత లెక్క లేదు. పెద్ద వల విప్పి అర్ధచంద్రంలా పరిచి, పాటెత్తుకొని లాగుతుంటే, వల లోపల నీళ్లు ఉడికినట్టు ఎగిరెగిరి పడ్డాయి. బొచ్చెలు, రవ్వలు, మధ్యలో అలవాటు కొద్దీ కొరమట్టలు. గంపలు చాలక ఆడవాళ్లు కొంగులు పట్టారు. కాలనీ కార్మికులు ఫ్యాంట్లు మడిచి వల లాగడంలో చెయ్యి వేశారు. పెద్దలిద్దరూ చేపకు ఒక కథ చెప్పుకుంటూ, గుత్త మాట తాము ఎన్నడూ అననట్టే తిరిగారు. కాంట్రాక్టరు మనిషి ఎప్పుడు వెళ్లాడో ఎవరూ చూడలేదు.

మామ అన్నిటికంటే పెద్ద బొచ్చెను రెండు చేతులా ఎత్తుకొచ్చి, నేను చేపలు కొలిచే చెక్క మీద పడుకోబెట్టాడు. అది చెక్క దాటి అవతలికి వచ్చింది. రాసుకోరా అల్లుడా అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లో, చెరువు నీళ్లో నేను చూడలేదు. డైరీ కోసం చూస్తే మరదలు అప్పటికే రాసేసి ఉంది. తడి వేళ్లతో, వంకర అక్షరాలతో, ఆనాటి పేజీలో ఆమె రాసింది ఇప్పటికీ ఉంది: "బావ ఒర్రిండు. సొర కాదు. బొచ్చె." నా డైరీలన్నిటిలో ఇంకొకరి చేతిరాత ఉన్నది ఆ ఒక్క పేజీలోనే. ఆ మాఘంలో మా పెళ్లయింది.

చెరువు గుత్తకు పోలేదు. మామ బతికినన్నాళ్లూ ఆయనే అధ్యక్షుడు. ఇప్పుడు ఆయన లేడు, పెద్దమ్మ లేదు. ఆ మిట్ట పక్క నుంచి తారు రోడ్డు పడింది. అటువంటి బండలు చాలా చోట్ల కంకర కింద పోయాయని విన్నాను. భయాలు ఇప్పుడూ వస్తున్నాయి, ఆ రోజుల్లో వాగు ఎదురెక్కి రావలసినవి ఇప్పుడు ఫోనులో క్షణంలో వస్తున్నాయి. కానీ అవి వచ్చిన దారి వెంట కాళ్లరిగేలా మిట్ట ఎక్కి, వంగి, పొద కింద ముల్లు ఏరి చూపించే మనిషి కోసం ఎటు చూడాలో నాకు తెలియడం లేదు. మా కాలంలో అటువంటి వాళ్లు పక్క గూడెంలోనే ఉండేవారు. పేరు చెప్పి పిలిస్తే వచ్చేవారు.

ఇక ఆ మర్నాటి సంగతి. మిరుగు. ఉదయం ఆరు. ఉన్నవారు: మామ, పెద్దమ్మ, నేను. ఊరంతా పొయ్యిలు రాజేసి, చేప పులుసు వాసన వీధి చివరి దాకా వస్తోంది. మామ గోనె సంచి భుజాన వేసుకొని మిట్ట ఎక్కాడు. పెద్దమ్మ చెప్పిన వైపు నుంచి ఎముకలను ఒక్కొక్కటిగా బండ కిందికి అందించాం. దవడ ముక్కను మామ రెండు చేతులతో పట్టుకొని లోపల పెట్టాడు. తర్వాత పంచె మడతలోంచి ఆకులో చుట్టిన రవ్వ చేప తీశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తెచ్చినట్టున్నాడు.

"పది దినాలు నిన్ను సొర తిన్నదని అన్నం. ఏమనుకోకు పెద్దయ్యా. ఇగో, మిరుగు చేప."

నేను రాళ్లు ఏరి బొరియ మూయబోయాను. పెద్దమ్మ వద్దంది. ఏదుపంది ఎటు పోతది బిడ్డా, దాని ఇల్లు గూడ అదేనాయె అంది. నిజమే కదా అని రాళ్లు అక్కడే వదిలేశాను.

దిగి వస్తుంటే వాన అందుకుంది. మొదట పెద్ద చినుకులు, తర్వాత ధార. చెరువు నిండా జనం ఉన్నారు. బర్రెలు మెడల దాకా దిగి కదలకుండా ఉన్నాయి. మా అత్త, ఆ ఎముకలు మొదట చూసి కేక వేసిన మనిషి, చీర తడుపుకొని వానలో చెరువు నడుమ వెల్లకిలా తేలుతోంది. మామ కట్ట మీద ఆగి చాలాసేపు చూశాడు. అలవాటు కొద్దీ నేను నీళ్లలోని తలలు లెక్కపెట్టబోయాను. కొన్ని మునుగుతున్నాయి, కొన్ని లేస్తున్నాయి. లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టలేదు.